లోగో జేపీజీ ఒక్కటే ఉంది, బోర్డు వాళ్ళు సీడీఆర్ అడుగుతున్నారు, ఎవరికి ఏ ఫైలు ఇవ్వాలి?

జాడీ_అమ్మాయి (రాజమండ్రి)
అందరికీ నమస్కారం. మా అమ్మ ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది, ఇన్నాళ్ళూ తెలిసినవాళ్ళకే, ఇప్పుడు చిన్న షాపు తీసుకున్నాం. లోగో అప్పట్లో మా పిన్ని కొడుకు ఫోన్‌లో ఏదో యాప్‌లో చేసి వాట్సాప్‌లో పంపాడు. ఆ ఫోను పోయింది, ఆ యాప్ ఏంటో వాడికీ గుర్తులేదు, నా దగ్గర మిగిలింది వాట్సాప్‌లో వచ్చిన జేపీజీ ఒక్కటే, 640 బై 213 అని చూపిస్తోంది. ఎడమ పక్క మెరూన్ జాడీ, దాని మీద పసుపు మామిడికాయ, పక్కన పెద్ద అక్షరాల్లో పేరు, చివర "పచ్చళ్ళు" అని ఉంటుంది.

బోర్డు 12 అడుగులు బై 4 అడుగులు. చేసే ఆయన "ఇది పనికిరాదమ్మా, సీడీఆర్ తెండి" అన్నారు. నేను కోరల్ డ్రా (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, సీడీఆర్ దాని ఫైలేనట) ట్రయల్ వేసుకుని జేపీజీని అందులోకి తెచ్చి సీడీఆర్‌గా సేవ్ చేసి ఇచ్చా, మళ్ళీ పనికిరాదన్నారు. ఆన్‌లైన్‌లో ఎస్‌వీజీగా మార్చి ఇచ్చా, అదీ వద్దన్నారు. సీసాల లేబుళ్ళు వేసే ప్రెస్సాయన 300 డీపీఐ పీడీఎఫ్ అంటారు, చేతిసంచీల ఆయనేమో "కర్వ్స్‌లో ఇవ్వండి, రెండు రంగులే" అంటారు. ముగ్గురూ మూడు మాటలు, నాకు ఒక్కటీ అర్థం కాలేదు. అడిగితే విసుక్కుంటున్నారు. దయచేసి మొదట్నుంచీ చెప్పండి.

ఫ్లెక్సీ_అన్న (కరీంనగర్)
అక్కా, ముందుగాల బోర్డు లెక్క చెప్త సూడు. 12 అడుగులంటే 144 ఇంచులు, అంటే 3657 మిల్లీమీటర్లు. నీ ఫోటోల అడ్డంగ ఉన్న గడులు, అంటే పిక్సెళ్ళు, 640. భాగిస్తే ఒక్కో గడి 5.7 మిల్లీమీటర్లు వస్తది. అంటే శనగపప్పు బద్దంత. నీ జాడీ అంచు గుండ్రంగ కాదు, శనగపప్పు బద్దలు మెట్లు మెట్లుగ పేర్చినట్టు వస్తది. సాఫ్ట్‌వేర్ ఆ మెట్ల మధ్యల రంగు పూసి కప్పుతది, గందుకే మసక మసక కనపడతది. ఆయన ఇసుక్కున్నడంటే నీ మీద కోపం కాదు, రోజుకు పది మంది గట్లనే తెస్తరు.

ఆఫ్‌సెట్_పాతకాపు (విజయవాడ)
అమ్మా, మీరు చేసిన పనిలో తప్పేం లేదు, అందరూ అదే చేస్తారు. ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది. బొమ్మలు రెండు జాతులు. ఒకటి గడులతో చేసింది, ముగ్గు పిండితో చుక్క పక్కన చుక్క పెట్టి నింపినట్టు. జేపెగ్ (జేపీజీ అన్నా అదే), పీఎన్‌జీ, టిఫ్, జిఫ్, వెబ్‌పీ అన్నీ ఆ జాతే. రెండోది గీతలతో చేసింది, ఇక్కడ మొదలై ఇంత వంపు తిరిగి అక్కడ ఆగాలి అని లెక్క రాసిపెట్టుకుంటుంది. దాన్ని విజిటింగ్ కార్డు మీదకి కుదించినా అపార్ట్‌మెంట్ గోడంత పెంచినా ఆ లెక్కతో మళ్ళీ కొత్తగా గీసుకుంటుంది కాబట్టి అంచు చెదరదు. వెక్టర్ అంటే అదే. సీడీఆర్, ఏఐ, ఈపీఎస్, ఎస్‌వీజీ, పీడీఎఫ్ ఇవి గీతలు పెట్టుకోగలిగే డబ్బాలు.

డబ్బాలు అన్నాను చూశారా, అక్కడే మీకు తేడా వచ్చింది. వీటిలో గీతలే ఉండాలని లేదు, ఫోటో పెట్టి మూత వేసినా మూసుకుంటాయి. మీరు జేపీజీని సీడీఆర్‌లో పెట్టి మూత వేశారు. మూత మీద పేరు మారింది, లోపలున్నది అదే 640 గడుల బొమ్మ.

నమ్మకం లేకపోతే ఇప్పుడే చూసుకోండి. కోరల్‌లో ఆ ఫైలు తెరిచి వ్యూ మెనూలో వైర్‌ఫ్రేమ్ నొక్కండి. నిజం వెక్టర్ అయితే రంగులు పోయి జాడీ, మామిడికాయ, ఒక్కో అక్షరం సన్నటి గీతల్లో కనిపిస్తాయి. బిట్‌మ్యాప్, అంటే గడుల బొమ్మ అయితే చుట్టూ ఒక చతురస్రం, లోపల మసకగా అదే ఫోటో. ఇల్లస్ట్రేటర్‌లో అయితే కంట్రోల్ వై.

జాడీ_అమ్మాయి
ఇప్పుడే చూశానండి. చుట్టూ ఒక్క డబ్బా గీత, లోపల బూడిద రంగులో అదే బొమ్మ. వారం రోజులుగా తిరుగుతున్నాను, ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. మరి ఎస్‌వీజీ కూడా అంతేనా?

పిక్సెల్_పిచ్చి (హైదరాబాద్)
అంతే. ఎస్‌వీజీ అయితే ఇంకా తేలిగ్గా పట్టుకోవచ్చు, అది లోపల మామూలు రాతే, నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పాత్ అనే మాట, దాని వెనక అంకెలూ మళ్ళీ మళ్ళీ వస్తుంటే నిజంగా గీతలున్నట్టు. అలా కాకుండా ఇమేజ్ అనే మాట ఒక్కసారి వచ్చి, బేస్ 64 అని ఉండి, దాని తర్వాత అర్థంపర్థం లేని అక్షరాలు పేజీలకు పేజీలు ఉంటే మీ జేపీజీనే అక్షరాలుగా మార్చి లోపల దాచినట్టు. కొన్ని ఫ్రీ కన్వర్టర్లు చేసేది ఇదే.

ఇంకోటి, నా సలహా ఏంటంటే ఇకమీదట అన్నీ పీఎన్‌జీలో పెట్టుకోండి, జేపీజీ జోలికే పోవద్దు. జేపీజీ తెరిచిన ప్రతిసారీ కొంచెం పాడైపోతుంది.

ఆఫ్‌సెట్_పాతకాపు
తమ్ముడూ, ఇక్కడ ఒక సవరణ. తెరిస్తే పాడవదు. వెయ్యి సార్లు తెరిచి చూసి మూసినా ఒక్క బిట్టు మారదు, కాపీ చేసినా మారదు. మార్పు చేసి మళ్ళీ జేపెగ్‌గానే సేవ్ చేసినప్పుడు మళ్ళీ పిండుతుంది, అప్పుడు పోతుంది. పదిసార్లు అలా సేవ్ చేస్తే పదిసార్లు పిండిన గుడ్డే. వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడూ మళ్ళీ పిండే పంపుతుంది, అమ్మాయి ఫైలుకి జరిగింది అదే.

జాడీ అమ్మాయి గారూ, మీ లోగోని 800 శాతం పెంచి "ళ్ళ" ఒత్తు దగ్గర చూడండి. తెల్లగా ఉండాల్సిన చోట అక్షరం చుట్టూ బూడిద రంగు చుక్కలు చీమలు ముసిరినట్టు కనిపిస్తాయి. జేపెగ్ బొమ్మని 8 బై 8 గడుల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో కంటికి పెద్దగా ఆనని సన్నటి మార్పుల్ని వదిలేస్తుంది. ఆకాశం, చెంప, పట్టుచీర మడత ఇలాంటి చోట రంగు మెల్లగా మారుతుంది కాబట్టి మనకి తెలియదు. కానీ తెలుపు పక్కనే చటుక్కున మెరూన్ వచ్చే అక్షరం అంచు దగ్గర ఆ లెక్క సరిపోక మిగిలిన చెత్తే ఆ చీమలు. ఒత్తులు, తలకట్లు, గుడిదీర్ఘాలు ఇన్ని ఉండే మన లిపికి ఇది ఇంకా ఎక్కువ దెబ్బ.

జాడీ_అమ్మాయి
అవునండీ సరిగ్గా అలాగే ఉంది. ఒత్తు లోపలి సందు అసలు కనపడట్లేదు, పూడిపోయింది. నేనిన్నాళ్ళూ అది డిజైనే అనుకున్నా.

పిక్సెల్_పిచ్చి
సరే బాబాయ్ గారూ, తెరిస్తే పాడవదన్నది ఒప్పుకుంటా, సేవ్ అనాల్సింది. కానీ పీఎన్‌జీ ఏమీ పోగొట్టదు కదా, అన్నిటికీ అదే వాడితే తప్పేంటి?

ఆఫ్‌సెట్_పాతకాపు
లోగోకి, స్క్రీన్‌షాట్‌కి, అక్షరాలున్న బొమ్మకి పీఎన్‌జీ బంగారం, నేనూ అదే చెప్తాను. వెనక బ్యాక్‌గ్రౌండ్ లేకుండా పారదర్శకంగా ఉంచుతుంది, జేపెగ్‌కి ఆ వసతి లేదు, అందుకే పీఎన్‌జీని జేపెగ్ చేస్తే వెనక తెల్లటి పలక వచ్చి పడుతుంది. కానీ ఫోటోకి దండగ. నా ఫోన్లో తీసిన ఒక ఫోటో జేపెగ్‌లో 4 ఎంబీ ఉంది, అదే పీఎన్‌జీ చేస్తే 19 ఎంబీ అయింది, పక్కపక్కన పెట్టి ప్రింటు తీస్తే మా కుర్రాళ్ళెవరూ తేడా చెప్పలేకపోయారు. పైగా జేపెగ్‌లో ఒకసారి పోయింది పీఎన్‌జీ చేసినంత మాత్రాన తిరిగి రాదు, పోయిన దగ్గర ఆగుతుందంతే.

ప్రెస్సుకి పీఎన్‌జీ ఇవ్వొద్దు అనడానికి అసలు కారణం ఇంకోటుంది. అందులో సీఎంవైకే రంగులు (ప్రింటులో వాడే నాలుగు సిరాల లెక్క) పెట్టడానికి వీల్లేదు, ఆర్‌జీబీ (స్క్రీను వెలుగు రంగుల లెక్క) లేదా బూడిద మాత్రమే. జేపెగ్, టిఫ్, పీడీఎఫ్ మూడింట్లోనూ సీఎంవైకే పెట్టొచ్చు.

కొత్త_డిజైనర్ (వరంగల్)
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి సార్. ఆర్‌జీబీ పీఎన్‌జీ ఇచ్చినా ప్రెస్సు వాళ్ళు మార్చుకుంటరు కదా, ముందే మనం మార్చాల్సిన అవసరం ఏంది?

ఆఫ్‌సెట్_పాతకాపు
మారుస్తారు నాయనా, కానీ మారినప్పుడు పక్కన నువ్వు ఉండవు కదా. స్క్రీను వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో. స్క్రీను మీద మెరిసే చిలకపచ్చ, నెమలికంఠం నీలం, లేత గులాబీ నియాన్ ఇవి నాలుగు సిరాలతో రావు, దగ్గర్లో ఉన్న మందకొడి రంగుకి దిగిపోతాయి. ముందే సీఎంవైకేలోకి మార్చి చూసుకుంటే దిగిపోయాక ఎలా ఉంటుందో నీ కళ్ళతో చూసి సర్దుకోవచ్చు.

నలుపు సంగతి ఇంకా ముఖ్యం. ఆర్‌జీబీ నలుపు అక్షరాన్ని మారిస్తే అది నాలుగు సిరాల నలుపు అవుతుంది, అంటే ఆ చిన్న అక్షరం నాలుగు ప్లేట్ల మీదా పడుతుంది. మిషన్ మీద కాగితం వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన ఎర్రటి నీడో నీలపు నీడో కనిపిస్తుంది. సీసా లేబుల్ మీద కావలసిన పదార్థాలు, తయారీ తేదీ ఇవన్నీ 5, 6 పాయింట్ల అక్షరాలు, చదవలేకపోతారు. వాటికి నలుపు ఒక్కటే 100 పెట్టి మిగతా మూడూ సున్నా చేయాలి.

స్క్రీన్‌ప్రింట్_సీమ (ప్రొద్దుటూరు)
అక్కా సంచీల పని నాది, నేను చెప్తాను వినండి. మేము ఒక్కో రంగుకి ఒక్కో ఫ్రేము కడతాం. మీది మెరూన్, పసుపు రెండు రంగులంటే రెండు ఫ్రేములు. మెరూన్ రావాల్సిన చోట మాత్రం నల్లగా ఉండేట్టు ఒక ఫిల్మ్ తీసి, మందు పూసిన గుడ్డ మీద పెట్టి లైటు కొడతాం, నల్లగా ఉన్న చోట లైటు తగలక మందు గట్టిపడదు, నీళ్ళు కొడితే కారిపోతాది, ఆ సందులోంచే ఇంకు దిగుతాది. అంటే మాకు నలుపు కావాలి, లేకుంటే ఖాళీ కావాలి, మధ్యలో బూడిద పనికిరాదు. మీ జేపీజీలో మెరూన్ అని మీరనుకుంటాండేది పెంచి చూస్తే యాభై రకాల మెరూన్లు ఉంటాయి, అంచుల్లో మెరూన్‌కీ తెలుపుకీ మధ్య గులాబీలు ఉంటాయి. వాటిని ఏ ఫ్రేములో పెట్టేది? అందుకే కర్వ్స్, అంటే గీతల ఫైలు అడిగేది. కర్వ్స్‌లో ఇస్తే జాడీ మీద నొక్కితే జాడీ మొత్తం ఒక్క రంగు, విడదీసేది ఒక్క నిమిషం పని.

ఫ్లెక్సీ_అన్న
బోర్డు ఆయన కూడా గదే కారణం అక్కా. ఏసీపీ షీటు (బోర్డులకు వాడే అల్యూమినియం పలక) మీద లేచినట్టుండే అక్షరాలు పెట్టిస్తున్నవా? అయితే ఆ అక్రిలిక్ అక్షరాలు మిషన్ కోస్తది, ఆ మిషన్ బొమ్మను సూడదు, గీత ఎంబడి పోతది. గీత లేకుంటే ఎంబడి పోనీకి ఏమున్నది దానికి? ఉత్త ఫ్లెక్సీ అయితే నేను పెద్ద జేపీజీతోని కూడ కొడ్తా. అసలు సైజుల 72 డీపీఐ ఉన్నా సాలు, ఫ్లెక్సీని దూరం నుంచి సూస్తరు కాబట్టి. 10 బై 20 అడుగుల ఫ్లెక్సీ 72 మీద లెక్కేస్తే 8640 బై 17280 గడులు, నాలుగు రంగులల్ల ఓపెన్ చేస్తే 600 ఎంబీ దగ్గర పడ్తది. దానికి గూడ 300 పెట్టుకొని వస్తరు కొందరు, సిస్టం ఉరుకుతలేదని మమ్మల్ని అంటరు.

కొత్త_డిజైనర్
అన్నా మరి లేబుల్‌కి 300 ఎందుకు? నేను ఫోటోషాప్‌లో 72 ఉన్నదాన్ని 300 అని మార్చి ఇచ్చిన, అయినా పగిలింది.

పిక్సెల్_పిచ్చి
ఇది నాకొదిలేయండి. డీపీఐ అన్నది ఫైలు లోపల ఒక చీటీ మాత్రమే, ఒక ఇంచులో ఎన్ని గడులు పరచాలి అని. అసలు సరుకు గడుల లెక్కే. 3.5 బై 2 ఇంచుల కార్డుకి 300 చొప్పున 1050 బై 600 గడులు కావాలి. నీ దగ్గర 400 బై 230 గడులే ఉండి చీటీ మీద 300 రాస్తే, రీశాంపుల్ టిక్ తీసేసి ఉంటే ప్రింటు సైజు తగ్గిపోతుంది, టిక్ ఉంటే లేని గడుల్ని ఫోటోషాప్ ఊహించి కల్పిస్తుంది. ఊహించిన వాటిలో కొత్త వివరం ఏముంటుంది, పిండిలో నీళ్ళు పోసినట్టే. చేతిలో పట్టుకుని అడుగు దూరం నుంచి చూసే లేబుల్ కాబట్టి 300 అడుగుతారు.

అక్షరాల_బండి (తెనాలి)
ఆలస్యంగా చూశాను. ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు, తెలుగు ఫాంట్లు. దీని వల్ల నేను దెబ్బ తిన్నాను కాబట్టి చెప్తున్నా. పదేళ్ళ కిందట ఒక పెళ్ళికార్డు అను ఫాంట్లలో కంపోజ్ చేసి అక్షరాల్ని కర్వ్స్ చేయకుండా సీడీఆర్ పంపాను. అను యూనికోడ్ కాదు, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, ఫాంటు ఉంటేనే అవి తెలుగుగా కనపడతాయి. అటువైపు సిస్టంలో అదే ఫాంటు వేరే వెర్షన్ ఉంది. కార్డంతా బాగానే కనపడింది, పెళ్ళికొడుకు పేరులో ఒక ఒత్తు మాత్రం ఎగిరిపోయింది. 500 కార్డులు. ప్రూఫు చూసినవాళ్ళు కూడా పేజీ బాగానే ఉందని ఓకే చేశారు. మళ్ళీ నా ఖర్చుతో వేయించాను, ఆ పెద్దాయన ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ బాధ.

అప్పట్నుంచి నేను రెండు ఫైళ్ళు ఉంచుతాను. ఒకటి అక్షరాలు మార్చుకోడానికి వీలుగా నా దగ్గరే ఉండేది. రెండోది మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసింది, బయటికి వెళ్ళేది ఇదే. కర్వ్స్ అయ్యాక అక్షరం బొమ్మైపోతుంది, ఏ సిస్టంలో తెరిచినా ఒత్తు ఎక్కడికీ పోదు, కాకపోతే అచ్చుతప్పు దొరికితే దాంట్లో దిద్దలేరు, అందుకే మొదటిది పారేయకూడదు. ఎస్‌వీజీకీ ఇదే వర్తిస్తుంది, అక్షరాల్ని గీతలు చేయకుండా వెబ్‌సైట్‌లో పెడితే చూసేవాళ్ళ ఫోన్లో ఏ ఫాంటుంటే అది కనిపిస్తుంది.

ఫోటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు పక్కకి వచ్చి పడుతున్నాయని ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతారు. పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర సౌత్ ఏషియన్ ఆప్షన్ పెట్టి, కొత్త ఫైలు తెరిచి చేయండి, యూనికోడ్ ఫాంట్లు సరిగ్గా కూర్చుంటాయి.

జాడీ_అమ్మాయి
ఇంత ఓపికగా చెప్పారు, చాలా చాలా థాంక్స్. అయితే నా దగ్గరున్న బొమ్మ నుంచి గీతలు తీయాలంటే ఏం చేయాలి? కోరల్‌లో పవర్‌ట్రేస్ అని ఉంది, నొక్కితే జాడీ వంకరటింకరగా వచ్చింది, "ళ్ళ" అయితే నల్లటి ముద్ద.

అక్షరాల_బండి
640 గడుల దాన్ని ట్రేస్ చేస్తే అలాగే వస్తుందమ్మా, చీమల్ని కూడా అది డిజైన్ అనుకుని గీస్తుంది. దాని మీద పెట్టే టైములో కొత్తగా గీసేయొచ్చు. పాత బొమ్మని కింద లేతగా పరిచి లాక్ చేసి, జాడీని పైన పెన్ టూల్‌తో గీయండి. సగమే గీయండి, దాన్ని తిప్పి అతికిస్తే రెండో సగం వస్తుంది, జాడీ సమంగా ఉంటుంది. తక్కువ బిందువులు పెట్టండి, సగానికి ఆరేడు చాలు, బిందువులు ఎక్కువైన కొద్దీ వంపు ఎగుడుదిగుడు అవుతుంది. అక్షరాలు గీయొద్దు, ఫాంటుతో మళ్ళీ టైప్ చేయండి. మీరు పెట్టిన బొమ్మ చూస్తే రామభద్రకి దగ్గరగా అనిపిస్తోంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, వ్యాపారానికీ వాడుకోవచ్చు. కోరల్ ట్రయల్ అయిపోతే ఇంక్‌స్కేప్ ఉంది, అదీ ఉచితమే.

డల్లాస్_తమ్ముడు
చిన్న డౌట్ అండి, మా చెల్లి పెళ్ళికి ఊళ్ళో ఫ్లెక్సీ కోసం నా ఐఫోన్‌లో ఫోటోలు పంపితే తెరుచుకోవట్లేదంటున్నారు, ఫైలు పేరు చివర హెచ్ఈఐసీ అని ఉంది. వాట్సాప్‌లో పంపితే తెరుచుకుంటున్నాయి కానీ చిన్నవైపోతున్నాయి.

ఫ్లెక్సీ_అన్న
తమ్మీ, ఐఫోన్లు 2017ల ఐఓఎస్ 11 కాడికెంచి గా ఫార్మాట్లనే తీస్తున్నయి. జేపీజీ కంటే తక్కువ జాగల పట్టిస్తది, మంచిదే, గని మా దిక్కు షాపులల్ల పాత విండోస్, పాత కోరల్, అవి తెరవవు. సెట్టింగ్స్‌ల కెమెరా, ఫార్మాట్స్‌ల మోస్ట్ కంపాటిబుల్ అని పెట్టు, ఇగ మీద తీసేటివి జేపీజీల వస్తయి. ఇప్పటికే తీసినవి జేపీజీ చేసి వాట్సాప్‌ల ఫోటో లెక్క కాకుండ డాక్యుమెంట్ లెక్క పంపు, ఉన్నది ఉన్నట్టు వస్తది. చెల్లెకు శుభాకాంక్షలు.

పిక్సెల్_పిచ్చి
వెబ్ వైపు నుంచి రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటా. షాపు వెబ్‌సైట్ పెడితే లోగో ఎస్‌వీజీ, పచ్చళ్ళ ఫోటోలు వెబ్‌పీ. వెబ్‌పీ గూగుల్ వాళ్ళు 2010లో తెచ్చారు, చిన్న సైజు, పారదర్శకత కూడా ఉంటుంది. వాట్సాప్ స్టిక్కర్లు కూడా వెబ్‌పీలే, 512 బై 512 గడులు. జిఫ్ మాత్రం లోగోకి వాడొద్దు, 1987 నాటిది, 256 రంగులే పడతాయి, కదిలే బొమ్మల వల్ల బతికుంది. అన్నట్టు పీఎన్‌జీ పుట్టిందే జిఫ్ వల్ల, జిఫ్‌లో వాడిన కుదింపు పద్ధతి మీద పేటెంటు పేచీ వస్తే అందరూ స్వేచ్ఛగా వాడుకునేలా ఇంకోటి కావాలని తయారుచేశారు.

ఆఫ్‌సెట్_పాతకాపు
ప్రెస్సుకిచ్చే పీడీఎఫ్ గురించి కూడా చెప్పేస్తాను. లేబుల్ చుట్టూ రంగు 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించండి, కటింగ్‌లో కొంచెం జరిగితే తెల్ల అంచు కనపడకుండా. సేవ్ చేసేటప్పుడు అన్నిటికంటే చిన్న ఫైలు అన్న సెట్టింగ్ పెట్టొద్దు, అది లోపలి ఫోటోల్ని చడీచప్పుడు కాకుండా కుదించేస్తుంది. ప్రెస్ క్వాలిటీ గానీ పీడీఎఫ్ ఎక్స్ 1ఏ గానీ ఎంచుకోండి, ఎక్స్ 1ఏ అయితే ఆర్‌జీబీ రంగుల్ని లోపలికి రానివ్వదు, ఫాంట్లు లోపలే పెట్టుకుంటుంది. సీడీఆర్ ఇవ్వాల్సి వస్తే ముందు వాళ్ళ దగ్గర ఏ వెర్షన్ ఉందో ఫోన్ చేసి అడిగి ఆ వెర్షన్‌లోకి సేవ్ చేయండి, కొత్త దాంట్లో చేసింది పాత దాంట్లో తెరుచుకోదు.

జాడీ_అమ్మాయి
(పద్దెనిమిది రోజుల తర్వాత)
నమస్కారం అందరికీ. బోర్డు నిన్న ఎక్కించారు. జాడీ నేనే గీశానండి, మూడు రాత్రులు పట్టింది, మొదటి రోజు సగానికి ఇరవై బిందువులు పెట్టి వంకరొచ్చింది, తుడిచేసి ఏడింటితో చేశాక కుదిరింది. ఫాంటు రామభద్రే, పాత అక్షరాల మీద పెడితే సరిగ్గా కూర్చుంది. అప్పుడు తెలిసింది ఆ "ళ్ళ" ఒత్తుకి లోపల ఇంత సందు ఉందని. వైర్‌ఫ్రేమ్‌లో చూసుకున్నా, అన్నీ గీతలే. బోర్డాయన ఫైలు తెరిచి ఏమీ మాట్లాడకుండా కొలత రాసుకుని మిషన్ మీద పెట్టేశారు. సంచీలు రెండు ఫ్రేములతోనే వచ్చాయి. లేబుల్‌లో చిన్న అక్షరాలన్నీ నలుపు 100కి మార్చా, అమ్మ కళ్ళజోడు లేకుండా చదివింది.

ఒకటే మిగిలింది. ఆవకాయకి పారదర్శకంగా ఉండే పౌచ్ తీసుకుంటున్నాం, దాని మీద పసుపు మామిడికాయ వేసి శాంపుల్ చూపించారు, వెనకున్న ఎర్ర నూనె కనపడి మామిడికాయ నారింజ రంగులోకి వెళ్ళిపోయింది. దీనికేం ఇవ్వాలి ఫైలులో?

ఆఫ్‌సెట్_పాతకాపు
చాలా సంతోషం అమ్మా. పౌచ్‌కి మామిడికాయ అడుగున తెల్ల సిరా పరవాలి, సిరా పల్చగా ఉంటుంది కాబట్టి వెనక ఏముంటే అది తొంగిచూస్తుంది. మామిడికాయ గీతని కాపీ చేసి విడిగా ఒక లేయర్‌లో పెట్టండి, దానికి ఒక స్పాట్ కలర్ (నాలుగు సిరాల్లో కలపకుండా విడి సిరాతో వేసే రంగు) ఇచ్చి వైట్ అని పేరు పెట్టండి, ఒక రంగు ఇంకోదాన్ని కోసేయకుండా ఒకదాని మీద ఒకటి పడేలా ఓవర్‌ప్రింట్ ఆన్ చేయండి. ఆ తెల్ల ఆకారాన్ని పసుపు కంటే పావు మిల్లీమీటరు లోపలికి కుదించండి, లేకపోతే చుట్టూ తెల్ల అంచు తొంగిచూస్తుంది. జాడీ అడుగున కూడా పెట్టించండి, మెరూన్ కూడా నూనె మీద నల్లగా కనిపిస్తుంది. పీడీఎఫ్‌లోనే ఇవ్వండి, స్పాట్ కలర్‌ని అది విడి ప్లేటుగా ఉంచుతుంది. 500 వేయించేముందు ఒక్క పౌచ్‌లో నిజంగా పచ్చడి నింపి చూసుకోండి.